ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనేముందు దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఇలా తేల్చుకోండి

నల్గొండ, పాలమూరు వైపు ఏడు సీట్ల బండి కొందామనుకునేవాళ్లలో ఎక్కువమంది ముందు అడిగేది "ఏ కంపెనీ మంచిదన్నా?" అని. దానికి వచ్చే జవాబుతో మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. ఎందుకంటే ఒకే పేరుతో అమ్మే బండిలో రెండు రకాల ఇంజన్లు, రెండు మూడు రకాల గేర్‌బాక్సులు ఉంటాయి, వాటిలో ఒకటి ఏళ్ల తరబడి ఆయిల్ మారిస్తే చాలు తిరుగుతుంది, ఇంకొకటి మూడో ఏడాదికే వర్క్‌షాపు దారి పడుతుంది. అందుకే ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం తయారీ, మీరు దాన్ని ఎలా నడుపుతారు, ఈ నాలుగింటినీ కలిపి చూడండి. ఒక్క ఉదాహరణ చెప్తాను. టాటా సఫారీ, ఎంజీ హెక్టర్ ప్లస్, జీప్ మెరిడియన్ మూడూ మూడు కంపెనీల బండ్లు, వాటి మీద జనానికి ఉన్న అభిప్రాయాలూ మూడు రకాలు, కానీ మూడింటిలో ఉన్న 2.0 లీటర్ల డీజిల్ ఇంజన్ మూలం ఒకటే, ఫియట్ నుంచి వచ్చింది. ఇంజన్ విషయంలో మీకు ఉన్న అనుమానం ఒకదానికి నిజమైతే మూడింటికీ నిజమే. తేడా గేర్‌బాక్స్, వైరింగ్, సర్వీస్ దగ్గర వస్తుంది.

మొదట ఒక కాగితం తీసుకుని మీ వాడకం రాసుకోండి. షోరూంకు తర్వాత పోవచ్చు. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? అందులో పిల్లల్ని బడికి దింపడం, మార్కెట్‌కు పోవడం లాంటి మూడు నాలుగు కిలోమీటర్ల తిరుగుళ్లు ఎన్ని, హైదరాబాద్‌కో విజయవాడకో హైవే మీద ఆగకుండా పోయేవి ఎన్ని? ఏడుగురూ నిజంగా ఎక్కేది ఎప్పుడెప్పుడు? దసరాకు, పెళ్లిళ్లకు, చెర్వుగట్టుకు, కురుమూర్తికి, శ్రీశైలానికి, అంతేనా, లేక ప్రతి వారమా? బండి ఊళ్లో వారాల తరబడి కదలకుండా నిలబడి ఉంటుందా? మీ ఊరి రోడ్డు తారుదా, కంకర తేలిన మట్టి దారా? ఇవన్నీ నిజాయితీగా రాసుకోవాలి, ఎందుకంటే బండిని పాడుచేసేది చాలాసార్లు దానికి సరిపడని వాడకమే. ఏడాదికి నాలుగుసార్లే ఏడుగురు ఎక్కే ఇల్లయితే ఎర్టిగా, కారెన్స్ లాంటి చిన్న బండి చాలేమో, ఆ నాలుగుసార్లకు పెద్దది కిరాయికి తీసుకోవచ్చేమో కూడా ఆలోచించండి.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని డీజిలా, పెట్రోలా అన్నది తేల్చండి. ఇక్కడే చాలా ఇళ్లలో లెక్క తప్పుతోంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బండ్ల పొగ మీద బీఎస్6 అనే కాలుష్య నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి వచ్చిన డీజిల్ ఎస్‌యూవీల్లో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, అది మసిని పట్టి ఉంచుతుంది. మసి నిండుతున్నప్పుడు ఇంజన్ తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ పంపి, ఆ ఫిల్టర్‌ను సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజెనరేషన్ అంటారు. ఇది పూర్తి కావాలంటే బండి కాస్త మంచి వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మీరేమో నల్గొండ గడియారం సెంటర్ నుంచి రామగిరి దాకా, లేదా పాలమూరులో మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాకా పోయి ఇంజన్ ఆపేస్తారు. కాల్చడం మొదలైన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంది, కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో అదే ఆయిల్‌తో తిరుగుతుంది. చివరికి మీటర్‌లో డీపీఎఫ్ లైటు వెలిగి, పికప్ పడిపోయి, బండిని వర్క్‌షాపుకు తీసుకుపోవాల్సి వస్తుంది. అప్పుడు జనం "ఈ కంపెనీ ఇంజన్ వేస్ట్" అంటారు. అదే ఇంజన్ రోజూ హైవే ఎక్కే వాళ్లింట్లో ఏ గొడవా లేకుండా తిరుగుతూ ఉంటుంది.

కాబట్టి వారానికి ఒకసారైనా నల్గొండ నుంచి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వైపు, లేదా జడ్చర్ల నుంచి షాద్‌నగర్ వైపు ఒకే ఊపులో పోయే పని మీకు ఉంటే డీజిల్ గురించి టెన్షన్ అక్కర్లేదు. నెలంతా టౌన్‌లోనే తిరిగే ఇంటికి మాత్రం, నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా దాటని ఇంటికి మాత్రం, పెట్రోలే మంచిది, మైలేజీ తక్కువైనా సరే. కొన్ని డీజిల్ బండ్లకు డీఈఎఫ్ అనే, పొగను శుభ్రం చేసే ద్రవం కూడా వేరే ట్యాంకులో పోయాలి, మనవాళ్లు యాడ్‌బ్లూ అంటారు. మహీంద్రా ఎక్స్‌యూవీ700 డీజిల్‌కు ఇది కావాలి. అది పూర్తిగా అయిపోతే ఇంజన్ ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాకుండా ఏర్పాటు ఉంటుంది, ముందే ఎన్నోసార్లు హెచ్చరిస్తుంది గానీ పట్టించుకోనివాళ్లు ఉంటారు. రోడ్డు పక్కన మూత తీసి ఉన్న డబ్బా కొని పోయకండి, నీళ్లు అసలు కలపకండి.

పెట్రోల్ వైపు వచ్చినవాళ్లు చూడాల్సింది ఈ20. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన సెకండ్ హ్యాండ్ పెట్రోల్ బండి చూస్తుంటే మాన్యువల్‌లోనో, ఇంధనం మూత లోపలి స్టిక్కర్ మీదో ఈ20 అని ఉందా లేక ఈ10 దగ్గరే ఆగిందా చూసుకోండి. హైబ్రిడ్ కావాలంటే ఇన్నోవా హైక్రాస్ ఉంది, దాని హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. టౌన్ తిరుగుళ్లు ఎక్కువున్న ఇంటికి అది బాగా సరిపోతుంది, ధర భరించగలిగితే.

గేర్‌బాక్స్ విషయానికి వస్తే, మాన్యువల్‌కు క్లచ్ ప్లేట్ అరుగుతుంది, మారుస్తారు, మన దగ్గర ఎవరైనా చేస్తారు. ఆటోమేటిక్ తీసుకుంటే అది ఏ రకమో తప్పకుండా అడగండి. ఎక్స్‌యూవీ700, సఫారీ డీజిల్‌లకు వచ్చేది 6 గేర్ల టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ ప్లేట్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ శక్తిని అందించే రకం, ఇది బరువు మీద, ఎత్తు మీద, నత్తనడక ట్రాఫిక్‌లో ఓర్చుకుంటుంది. హ్యుందాయ్ ఆల్కజార్ టర్బో పెట్రోల్‌కు వచ్చేది 7 గేర్ల డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, అందులో క్లచ్‌లు పొడిగా, అంటే ఆయిల్‌లో మునగకుండా ఉంటాయి. హైవే మీద చాలా బాగుంటుంది. కానీ పండగ రోజు ఏడుగురిని ఎక్కించుకుని యాదగిరిగుట్ట ఘాట్ మీద అడుగడుగునా ఆగుతూ, బ్రేక్ బదులు యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెడుతూ పోతే ఆ క్లచ్‌లు వేడెక్కుతాయి. అలాంటి దారులు మీకు ఎక్కువైతే టార్క్ కన్వర్టరో, మాన్యువలో ఎంచుకోండి.

ఇంకో చిన్న విషయం. ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పేది టైమింగ్ బెల్టో, గొలుసు లాంటి చైనో కనుక్కోండి. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కు బెల్ట్, 2016లో వచ్చిన క్రిస్టా డీజిల్‌కు చైన్. పైన చెప్పిన ఫియట్ మూలం ఇంజన్‌కూ బెల్టే. బెల్ట్ ఉండటం తప్పేమీ కాదు, కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చాలి అంతే. అది తెగితే మాత్రం వాల్వులు వంగి ఇంజనే విప్పాల్సి వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో లక్ష దాటిన బండి చూస్తుంటే బెల్ట్ మార్చిన బిల్లు చూపించమనండి, "మార్పించినం అన్నా" అనే మాట ఒక్కటే సరిపోదు.

ఇక జనం చెప్పే మాటలను, రివ్యూలను ఎలా తూకం వేయాలి? నేను ప్రతి ఫిర్యాదునూ మూడు కుప్పల్లో ఒకదాంట్లో వేస్తాను. బండిని రోడ్డు మీద ఆపేసేవి ఒక కుప్ప: ఇంజన్ ఆగిపోవడం, గేర్‌బాక్స్ పట్టేయడం, వేడెక్కడం, డీజిల్ పంపు పోవడం, బ్రేకులు, స్టీరింగ్. ఆపకపోయినా జేబు ఖాళీ చేసేవి రెండోది: టర్బో, ఇంజెక్టర్లు, క్లచ్‌తో పాటు మార్చాల్సిన ఫ్లైవీల్, డీపీఎఫ్, ఏసీ కంప్రెసర్. ఇవి ఒక్కోటి పదుల వేలల్లో ఉంటాయి. మూడోది చిరాకు పెట్టేవి: స్క్రీన్ హ్యాంగ్ కావడం, ఫోన్ కనెక్ట్ కాకపోవడం, డ్యాష్‌బోర్డ్ కిటకిటలు, వెనక డోర్ సెన్సర్. ఇంటర్నెట్‌లో ఎక్కువ కనిపించేవి మూడో కుప్పవి, ఎందుకంటే అవి రోజూ కళ్ల ముందుంటాయి. వంద చిరాకు ఫిర్యాదులున్న బండి కన్నా, "అడవిలో ఆగిపోయింది" అనే మాట వేర్వేరు మనుషుల నుంచి, ఒకే ఇంజన్, ఒకే గేర్‌బాక్స్ గురించి పదే పదే వినిపించే బండి ప్రమాదం. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక దోమలపెంట దాకా అమ్రాబాద్ అడవే, సిగ్నల్ సరిగ్గా అందదు, రాత్రిపూట గేటు మూసేస్తారు, ముసలివాళ్లతో, చంటిపిల్లలతో అక్కడ నిలబడిపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఏడు సీట్ల బండిని నమ్మొచ్చా అంటే నా దృష్టిలో అర్థం అదే. స్క్రీన్ పని చేయకపోతే మాట్లాడుకుంటూ పోవచ్చు.

ఎక్కువ అమ్ముడైన బండికి ఫిర్యాదులూ ఎక్కువే కనిపిస్తాయి, ఆ లెక్క కూడా మనసులో పెట్టుకోండి. క్రాష్ టెస్ట్ స్టార్లను దీంతో కలపకండి. ఎక్స్‌యూవీ700కు 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల భద్రతకు 5 స్టార్లు ఇచ్చింది, సఫారీకి 2023లో భారత్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది. రెండూ గొప్ప విషయాలే, మీ పిల్లల ప్రాణానికి సంబంధించినవి, కొనేటప్పుడు తప్పకుండా చూడాల్సినవి. అయితే గుద్దుకుంటే లోపలివాళ్లకు ఏమవుతుందో అవి చెప్తాయి, అయిదేళ్ల తర్వాత క్లచ్ ఎలా ఉంటుందో చెప్పవు.

కొత్త మోడల్ అయితే మొదటి ఏడాది తయారైనవి వదిలేసి ఆగండి. ఓపిక పడితే లోపాలు వేరేవాళ్ల దగ్గర బయటపడి, కంపెనీ సరిచేసిన బండి మీకు వస్తుంది. రీకాల్ అయిన బండి, అంటే లోపం చూసి సరిచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచిన బండి, చెడ్డది అనుకోకండి, రీకాల్ పని జరగని బండి చెడ్డది. 2022 డిసెంబర్‌లో మాన్యువల్ ఎక్స్‌యూవీ700, స్కార్పియో ఎన్ బండ్లను క్లచ్ దగ్గరి రబ్బర్ బెల్లో తనిఖీకి పిలిచారు. 2023 ఆగస్టులో లక్షకు పైగా ఎక్స్‌యూవీ700లను ఇంజన్ దగ్గరి వైరింగ్ చూడటానికి పిలిచారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొడితే మీరు చూస్తున్న బండికి రీకాల్ పెండింగ్ ఉందా లేదా తెలుస్తుంది, వర్క్‌షాపులో అడిగినా చెప్తారు. ఈ రెండు నిమిషాల పని చాలామంది చేయరు.

సర్వీస్ ఎంత దూరంలో ఉంది అన్నది మన దగ్గర ఇంజన్ అంత ముఖ్యం. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. మీరు దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, కొల్లాపూర్‌లోనో ఉంటే ఇంకా కొంచెం కష్టం. మీ కంపెనీ వర్క్‌షాపు జిల్లా కేంద్రంలోనే ఉందా, ఉంటే అది ఆయిల్ మార్చే చిన్న సెంటరా, ఇంజన్ విప్పగలిగే పెద్దదా, లేక ప్రతి పెద్ద పనికీ ఎల్బీనగర్‌కో శంషాబాద్‌కో ట్రాలీ మీద పంపుతారా, ముందే కనుక్కోండి. అమ్మేవాళ్లను అడిగితే అంతా బాగుందనే చెప్తారు. పొద్దున తొమ్మిదింటికి వర్క్‌షాపు గేటు దగ్గర బండి అప్పజెప్పడానికి వచ్చినవాళ్లతో మాట్లాడండి. "పార్ట్ కోసం ఎన్ని రోజులు ఆగిన్రు?" అని అడగండి. సర్వీస్ అడ్వైజర్‌ను పక్కకు పిలిచి, ఈ మోడల్‌లో ఎక్కువగా ఏ పని వస్తుందో అడిగినా చాలాసార్లు దాచకుండా చెప్తారు. ట్యాక్సీ నడిపేవాళ్ల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను, వాళ్లకు బండి ఆగితే ఆ రోజు కూలి పోతుంది కాబట్టి ఏది ఎన్ని కిలోమీటర్లకు పోతుందో నోటిమీద ఉంటుంది. ఇన్నోవాకు మన దగ్గర అంత పేరు రావడానికి కారణం వాళ్లే. పాత ఇన్నోవా, క్రిస్టా లారీల్లాగా లాడర్ ఫ్రేమ్ అనే గట్టి ఇనుప చట్రం మీద కట్టిన బండ్లు (హైక్రాస్ అలా కాదు), ఊరి మెకానిక్‌కు కూడా లోపల ఏముందో తెలుసు, పాత బండికి కూడా మంచి ధర వస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్ క్రిస్టా ధర తగ్గదు, ఆ ధర పెట్టే ముందు మాత్రం అది ట్యాక్సీగా తిరిగి తర్వాత తెల్ల బోర్డుకు మారిన బండేమో చూసుకోవాలి.

ఫీచర్లు ఎంచుకునేటప్పుడు ప్రతిదానికీ ఒక ప్రశ్న వేసుకోండి, ఇది పోతే బండి నడుస్తుందా, బాగుచేయడానికి ఎంతవుతుంది అని. పెద్ద సన్‌రూఫ్ పిల్లలకు ఇష్టమే, కానీ దాని చుట్టూ నీళ్లు బయటికి పోయే సన్నని గొట్టాలుంటాయి, వేపచెట్టు కింద పెట్టే బండికి ఆకులు, దుమ్ముతో అవి మూసుకుపోయి వానాకాలంలో నీళ్లు లోపలికి కారతాయి. ముందు అద్దానికి కెమెరా ఉన్న ఏడీఏఎస్ (డ్రైవర్‌ను హెచ్చరించి, అవసరమైతే తానే బ్రేక్ వేసే ఏర్పాటు) మోడల్ తీసుకుంటే, హైవే మీద టిప్పర్ నుంచి రాయి తగిలి అద్దం మార్చాల్సి వచ్చినప్పుడు కెమెరాను మళ్లీ సెట్ చేయించాలి, అది మామూలు అద్దాల షాపులో జరగదు. మధ్య వేరియంట్ చాలు అని నా అభిప్రాయం, మిగిలిన డబ్బుతో ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి. అది మామూలు వారంటీ ముగిసేలోపే తీసుకోవాలి, ఒక్క సర్వీస్ ఎగ్గొట్టినా క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.

ఇక్కడి నుంచి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు. బండిని చూడకముందే కాగితాలు చూడండి, బండి చూశాక మనసు దాని మీదే ఉంటుంది, కాగితాల్లో లోపం కనిపించినా సర్దుకుపోతాం. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఎన్నో ఓనరో, ఫైనాన్స్ క్లియర్ అయిందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి. టీఎస్05 అనో టీఎస్06 అనో ఉందని మన జిల్లాలోనే తిరిగిన బండి అనుకోవద్దు, ఆ నంబర్ మొదట ఎక్కడ రిజిస్టర్ అయిందో మాత్రమే చెప్తుంది. ఈ-చలాన్లు చూడండి, డబ్బు కోసమే కాదు, ఓవర్ స్పీడ్ చలాన్లు ఏయే ఊళ్లలో ఎన్ని పడ్డాయో చూస్తే బండి ఎలా, ఎక్కడ తిరిగిందో అర్థమవుతుంది. ఢిల్లీ నంబర్ డీజిల్ బండి తక్కువకు వస్తుందని ఎవరైనా తెస్తే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అమ్మేస్తున్నారని గుర్తుంచుకోండి, ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ తక్కువ ధర ఏమాత్రం మిగులుతుందో లెక్క వేయండి.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చదవండి. ఒక్క ఓనరే అయిదేళ్లుగా నడుపుతూ, "గీత కూడా పడలేదు" అంటుంటే అది 50 శాతం ఉండాలి. సున్నా ఉంటే కిందటి ఏడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, ఏమిటో అడగండి. కంపెనీ వర్క్‌షాపులో సర్వీస్ హిస్టరీ తీయించండి, ప్రతి సర్వీస్ దగ్గరా కిలోమీటర్లు రాసి ఉంటాయి, 2022లో 80 వేలు ఉన్న మీటర్ ఇప్పుడు 65 వేలు చూపిస్తుంటే మాట్లాడాల్సింది ఏమీ లేదు. టైర్ మీద నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. 30 వేలే తిరిగిన బండికి రెండో జత టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి.

మన వైపు ఇంకొకటి తప్పకుండా చూడాలి, అది నీట మునిగిన బండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదలు, 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కోదాడ, ఖమ్మం వైపు వరదలు చాలా బండ్లను ముంచాయి. వాటిలో కొన్ని శుభ్రం చేసి అమ్ముతారు. సీటుబెల్టును పూర్తిగా బయటికి లాగండి, చివర మట్టి గీత ఉందేమో చూడండి. మూడో వరుస సీటు కింద, స్టెప్నీ దగ్గర, కార్పెట్ ఎత్తి చూడండి. ఫ్యూజ్ బాక్స్‌లో, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, లోపల ముక్కిపోయిన వాసన, దాన్ని కప్పడానికి కొట్టిన గాఢమైన పర్ఫ్యూమ్, వీటిలో ఏది కనిపించినా బయటికి వచ్చేయండి. నీళ్లు తాగిన వైరింగ్ ఎప్పుడు మొరాయిస్తుందో ఏ మెకానికూ చెప్పలేడు.

బండి చూడటానికి పొద్దున్నే పోండి, పోయే ముందు స్టార్ట్ చేయవద్దని చెప్పండి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి, ఎందుకంటే ఇంజన్ తన అసలు సంగతి చల్లగా ఉన్నప్పుడే చెప్తుంది. స్టార్ట్ చేయగానే గొలుసు గలగలలాంటి శబ్దం కొన్ని క్షణాలకు మించి వస్తే టైమింగ్ చైన్ గురించి మెకానిక్‌తో మాట్లాడాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, పొగ తెల్లగా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోందని, నల్లపొగ అయితే ఇంజెక్టర్లో, టర్బోనో చూడాలని అర్థం. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ గరిష్ట గీత దాటిందా చూడండి, దాటితే పైన చెప్పిన డీపీఎఫ్ కథ అక్కడ నడుస్తుండొచ్చు.

రేడియేటర్ కూలెంట్ ట్యాంకులో రంగు చూడండి. ఆకుపచ్చగానో, ఎర్రగానో, గులాబీగానో తేటగా ఉండాలి. తుప్పు రంగు ఉంటే ఎవరో దారిలో బోరు నీళ్లు పోశారు. నల్గొండ భూగర్భ జలాల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు గట్టితనమూ ఎక్కువే, కుండలో, గీజర్‌లో తెల్లగా పేరుకున్నట్టే రేడియేటర్ లోపలి సన్నని దారుల్లోనూ పేరుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీల ఎండలో ఏడుగురితో, ఏసీ నిండా పెట్టుకుని పోతున్నప్పుడు ఆ రేడియేటర్ చాలదు, వేడి ముల్లు పైకి లేస్తుంది, హెడ్ గాస్కెట్ దాకా వస్తుంది. కొన్నాక కూడా ఈ విషయంలో కచ్చితంగా ఉండండి, కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ వెయ్యి రెండు వేలకు దొరుకుతుంది, ఫోన్‌కు కనెక్ట్ చేసుకోవచ్చు. అందులో ఎర్రర్ కోడ్‌లు లేకపోవడం చూసి సంతోషించకండి, మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు, "నాట్ రెడీ" అని చూపిస్తుంటే మీరు వచ్చే ముందే కోడ్‌లు చెరిపేశారని అనుమానించాలి. ఇదంతా మీకు రాకపోతే ఆ మోడల్ మీద పని చేసిన మెకానిక్‌కు కొంత డబ్బు ఇచ్చి వెంట తీసుకుపోండి. అమ్మేవాళ్లు సూచించిన మెకానిక్ మాత్రం వద్దు.

ఇక నడిపి చూడటం. ఇద్దరు ఎక్కి రెండు వీధులు తిరిగి వస్తే ఏమీ తెలియదు, కాడి కట్టి నడిపించకుండా ఎద్దును ఎవరు కొంటారు? ఇంట్లోవాళ్లను ఏడుగురినీ ఎక్కించండి, మధ్యాహ్నం ఎండలో పోండి. మూడో వరుసలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అక్కడికి ఏసీ గాలి చల్లగా వస్తోందా అడగండి, బండి ఆపి ఉన్నప్పుడు కూడా చల్లదనం తగ్గకూడదు. పాలమూరువాళ్లకు మన్యంకొండ ఎత్తు దగ్గర్లోనే ఉంది, అక్కడికి తీసుకుపోండి. ఎత్తు మీద మూడో గేర్‌లో తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా తొక్కితే ఇంజన్ శబ్దం, ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే నిలబడి ఉన్నప్పుడు రివర్స్ నుంచి డ్రైవ్‌కు, డ్రైవ్ నుంచి రివర్స్‌కు మార్చి చూడండి, ఆలస్యంగా పట్టుకున్నా, దబ్బున తన్నినా ధర మాట్లాడటం ఆపేయండి. దిగేటప్పుడు బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతుందా? గతుకుల్లో వెనక నుంచి దడదడ వస్తోందా? వెనక షాకబ్జర్లు పోయిన బండి ఖాళీగా బాగానే ఉంటుంది, ఏడుగురు ఎక్కాక స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద తగులుతుంది. తిరిగొచ్చాక బండి కింద పేపర్ పరిచి అరగంట ఆగండి, ఏసీ నీళ్ల చుక్కలు తప్ప ఇంకేమీ పడకూడదు.

అన్నీ బాగున్నాయనిపిస్తే ధర మాట్లాడండి, మీ దగ్గరున్న డబ్బంతా బండికే పెట్టకండి. వారంటీ లేని బండి అయితే కనీసం ఒక లక్ష పక్కన ఉంచుకోండి, పైన చెప్పిన రెండో కుప్పలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అప్పుడు వడ్డీకి తేవాల్సిన పరిస్థితి రాకూడదు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయించుకోండి: ఫైనాన్స్ క్లియరెన్స్ లేకపోయినా, మీటర్ కిలోమీటర్లు తప్పని తేలినా, వర్క్‌షాపు తనిఖీలో పెద్ద లోపం బయటపడినా డబ్బు వాపసు అని.

తెచ్చుకున్న మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించండి, పాతవాళ్లు ఎప్పుడు మార్చారన్న లెక్కతో మీకు పని లేకుండా పోతుంది. క్రషర్ల దగ్గర, మట్టి దారుల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన దానికన్నా ముందే మార్చాలి. ఊళ్లో నిలబడే బండిని వారానికి ఒకసారి స్టార్ట్ చేసి పక్కన ఉంచడం చాలదు, అరగంట హైవే మీద నడపాలి, కోతల కాలంలో బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు, ఆర్‌సీ 30 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చుకోండి, ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ల సంతకాలు డబ్బు పూర్తిగా ఇచ్చే రోజే, ఇవ్వకముందే తీసుకోండి.